మౌంటెన్ బైకింగ్ (కొండదారుల్లో సైకిల్ తొక్కడం) చేసేవాళ్లు కాస్త చెప్పండి: రైడ్ అలవాట్లను బట్టి ఎంత తెలుస్తుంది?

అమెరికాలోని కొలరాడోలో 2020 మే 10న, అంటే మదర్స్ డే రోజు, ఒక మహిళ కనిపించకుండా పోయిన కేసు గురించి చదువుతున్నాను. మౌంటెన్ బైక్ మీద వెళ్లి తిరిగి రాలేదన్నది మొదటి కబురు. బైక్ రోడ్డు దిగువన పల్లంలో దొరికింది, హెల్మెట్ కొన్ని రోజుల తర్వాత వేరేచోట హైవే పక్కన. రోజూ వెంట తీసుకెళ్లే నీళ్ల బ్యాగ్, కళ్లద్దాలు మాత్రం కారులోనే ఉన్నాయట. 2023లో అవశేషాలు దొరికాయి, అది హత్యేనని పోస్ట్‌మార్టంలో తేల్చారు. ఎవరు చేశారన్నది కోర్టు చూసుకుంటుంది, ఆ గొడవ ఇక్కడ వద్దు.

నా సందేహం అలవాట్ల గురించే. నేను బెంగళూరులో మామూలు సైకిల్ తొక్కేవాణ్ణి, తురహళ్లి అడవి ట్రయల్స్‌లోనో నంది హిల్స్‌లోనో తిరిగే మీలాంటివాళ్లకే ఇది తెలుస్తుంది. అరగంట రైడే కదా అని నీళ్లు, కళ్లద్దాలు వదిలేసి వెళ్తారా, లేక చేతికి అలవాటైపోయి తీసేసుకుంటారా? నిజంగా పడితే హ్యాండిల్, పెడల్, వెనక డిరేలర్ (గేర్లు మార్చే భాగం) మీద గీతలుంటాయి కదా, మరి ఎవరో ఖాళీ బైక్‌ని కిందికి తోసేస్తే ఆ తేడా కనిపెట్టొచ్చా? చైన్ ఏ గేర్‌లో ఆగిందో చూసి ఎక్కుతున్నారో దిగుతున్నారో చెప్పగలరా? బకిల్ పెట్టుకున్న హెల్మెట్ దానంతటదే ఊడదనుకుంటున్నాను, తప్పయితే చెప్పండి. రైడ్‌లు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో పాత రైడ్‌లు చూస్తే మామూలు టైమ్, దారి బయటపడతాయి, అంతకంటే ఇంకేం చూస్తారు మీరైతే?