బొగ్గు గని మూసివేత సొమ్ము: తవ్వకముందే కట్టించాలా, ఏటా కొంత చాలా?

గోదారొడ్డు:
ఓసీ (పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ బొగ్గు గని) తవ్వాలంటే మైనింగ్ ప్లాన్‌తో పాటు మూసివేత ప్లాన్‌కీ ఆమోదం కావాలి, ఆ ఖర్చు కోసం ఎస్క్రో ఖాతాలో కంపెనీ డబ్బు వేయాలి, కేంద్రం తరఫున బొగ్గు గనుల్ని చూసే కోల్ కంట్రోలర్ ఒప్పుకోకుండా అందులోంచి రూపాయి తీయడానికి లేదు. 2020 మార్గదర్శకాల్లో ఓపెన్ కాస్ట్‌కి హెక్టారుకు 9 లక్షలు, భూగర్భ గనికి లక్షన్నర పెట్టారు. బాగానే ఉంది, కానీ ఆ మార్గదర్శకాల ప్రకారం ఒకేసారి కట్టక్కర్లేదు. గని ఆయుష్షు ఎన్నేళ్లో అన్ని వాయిదాలు (30 ఏళ్లు దాటితే 30కే లెక్క), ఏటా 5 శాతం పెంపు. 30 ఏళ్లు నడిచే వెయ్యి హెక్టార్ల గనికి మొత్తం 90 కోట్లు అనుకుంటే మొదటి ఏడాది పడేది 3 కోట్లు, అయిదేళ్లకి 17 కోట్లు కూడా కావు. తవ్వకం అలా సాగదు కదా. మొదటి కోతలో తీసిన మట్టంతా బయటే గుట్ట పోస్తారు, లోపల బొగ్గు తీసేసి చోటు అయ్యాకే వెనక పూడ్చడం మొదలవుతుంది. అంటే బాగుచేసే ఖర్చు అన్నిటికంటే ముందే కొండలా పెరిగి కూర్చుంటుంది, ఖాతాలో సొమ్ము మాత్రం అప్పటికి చారెడే. ఆ దశలో కంపెనీ చేతులెత్తేస్తే ఎవరు పూడుస్తారు?

లెక్కల పంతులు:
అన్నా, ఇక్కడ చేతులెత్తేసేది ఎవరు? సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49. మొత్తం ముందే కట్టమంటే బొగ్గు బయటపడకముందే పెట్టుబడి ఇరుక్కుపోతుంది. చివరికి అది కరెంటు బిల్లులోకే వస్తుంది.

గోదారొడ్డు:
సింగరేణి సంగతి వేరు పంతులూ. 2020 నుంచి బ్లాకులు వాణిజ్య వేలంలో ప్రైవేటుకి కూడా పోతున్నాయి. నా టెన్షన్ అదీ.

డెన్వర్ తెలుగు:
"పెద్ద కంపెనీ, ఎక్కడికి పోతుంది" అనే మాట అమెరికాలోనూ నడిచింది. అక్కడి 1977 గని చట్టం ప్రకారం బాండు (బాగుచేసే ఖర్చుకు పూచీ) పెట్టకుండా పర్మిట్ చేతికి రాదు. కంపెనీ వదిలేసి పోతే ప్రభుత్వం ఇంకో కాంట్రాక్టరుతో ఆ పని చేయించడానికి ఎంతవుతుందో లెక్కేసి అంత బాండు అడుగుతారు. గొయ్యి పూడ్చి చదును చేస్తే 60 శాతం దాకా వదులుతారు, చివరి ముక్క వ్యోమింగ్ రాష్ట్రం లాంటి వాన తక్కువ చోట్ల మొక్కలు నాటాక పదేళ్లకు గానీ రాదు. ఇంత కట్టుదిట్టం చేసి, ఆర్థికంగా బలంగా ఉన్న కంపెనీలకు బయటివాళ్ల పూచీ లేకుండా సొంత హామీ చాలన్నారు! 2015లో ఆల్ఫా, 2016లో ఆర్చ్, పీబాడీ అనే పెద్ద బొగ్గు కంపెనీలు వరసగా దివాలా కోర్టుకెక్కాయి. ఒక్క ఆల్ఫాకే వ్యోమింగ్‌లో 41 కోట్ల డాలర్ల సొంత హామీ ఉంది.

లెక్కల పంతులు:
సగం చెప్పి ఆపారు సార్. ఆ మూడూ దివాలా నుంచి బయటపడి, సొంత హామీల స్థానంలో వేరే బాండ్లు పెట్టాయి. భారం జనం మీద పడలేదు.

డెన్వర్ తెలుగు:
పడలేదు, నిజమే. కానీ దివాలా నడుస్తుండగా ఆ 41 కోట్లకు గాను రాష్ట్రం మిగతా అప్పులవాళ్లకంటే ముందు వరుసలో దక్కించుకున్న హక్కు 6.1 కోట్లకే. గట్టెక్కడం వేరు, హామీ ఉండటం వేరు. 2019లో బ్లాక్‌జువెల్ అనే బొగ్గు కంపెనీ కూలినప్పుడు వ్యోమింగ్‌లో రెండు గనులు రాత్రికి రాత్రి ఆగిపోయాయి, పర్మిట్లు ఇంకా పాత యజమాని పేరునే ఉండటంతో పాత బాండ్లు నిలబడ్డాయి.

ఇల్లందు కోడలు:
మీరంతా డబ్బు గురించే మాట్లాడుతున్నారు. పైమట్టి విడిగా తీసి దాచకపోతే ఎన్ని కోట్లుండి ఏం లాభం? రాళ్ల గుట్ట మీద సుబాబుల్, నీలగిరి నాటి పచ్చగా ఉందని ఫొటో తీస్తారు, వాలు సరిగ్గా లేకపోతే ఒక్క వానాకాలానికే గుట్ట చీలికలు పడి బూడిదరంగు మట్టి కింద వరి మడుల్లోకి దిగుతుంది. తవ్విన చోట పశువులకు గడ్డి మొలిపించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే ఆదేశించింది. సొమ్ము తిరిగిచ్చేటప్పుడు గడ్డిని చూసి ఇవ్వండి, కాగితం చూసి కాదు.

గోదారొడ్డు:
అక్కా, నూటికి నూరుపాళ్లు. పంతులూ, నేను నగదు మొత్తం ముందే పెట్టమనట్లేదు. వెనక పూడ్చడం మొదలయ్యేదాకా మిగతా మొత్తానికి బ్యాంకు గ్యారంటీ తీసుకోండి, తర్వాత ఏటా తగ్గించండి.

లెక్కల పంతులు:
గ్యారంటీకి కమీషన్ ఉంటుంది, ఊరికే రాదు. అయినా వేలంలో వచ్చినవాళ్ల వరకైతే ఒప్పుకుంటా. ప్రభుత్వ గనులకు మాత్రం వద్దు.

ఇల్లందు కోడలు:
గుట్ట ప్రభుత్వానిదైతే మట్టి మడిలోకి రాదా సార్?