ఈ వారం సమస్య: "లోకమునకయి వేఁడఁడు లోకవిభుఁడు"

నిర్వాహకుడు (తిరుపతి):
తేటగీతి పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. యోహాను సువార్త 17వ అధ్యాయం, అంటే సిలువకు ముందు రాత్రి యేసు చేసిన ప్రార్థన, చదివినవాళ్లకు ఇది 9వ వచనమని ఇట్టే తెలుస్తుంది: "లోకముకొరకు ప్రార్థన చేయుటలేదు". లోకాన్ని రక్షించ వచ్చినవాడు లోకం కోసం అడగడేమిటి? ముడి అక్కడుంది. ఆ ఒక్క వచనం పట్టుకుని కూర్చోకండి. 1–5 తన గురించి, 6–19 దగ్గరున్న శిష్యుల గురించి, 20–26 వాళ్ల మాట విని నమ్మబోయేవాళ్ల గురించి.

గణాలు: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన) నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస అక్కర్లేదు. "మునకై" అని దిద్దకండి. అది సగణం (రెండు లఘువులు, ఒక గురువు), ఇంద్రగణాల్లో లేదు. అందుకే "మునకయి" అని నలం (నాలుగు లఘువులు) వేశాను.

శ్రీకాళహస్తి సభ్యుడు:
తండ్రి యిచ్చిన వారికై తండ్రి నడుగు;
వారె లోకమునకుఁ బంపఁబడినవారు;
వారి యైక్యముఁ గనియె విశ్వమ్ము నమ్ము;
లోకమునకయి వేఁడఁడు లోకవిభుఁడు.

నిర్వాహకుడు:
18, 21 వచనాలు రెండూ పట్టారు, బాగుంది. మూడో పాదంలో వా–శ్వ యతి మీద ఎవరికైనా అనుమానం వస్తే, సంయుక్తాక్షరంలోని వకారానికి చెల్లుతుంది. చిక్కు అన్వయంలో ఉంది. "గనియె" అంటే "చూసింది" అని కూడా పలుకుతుంది. పైగా లోకం నమ్ముతుందని చెప్పి, వెంటనే లోకం కోసం అడగడంటే అతుకు కనబడుతోంది. "విడిగా అడగడు" అనే భావం మూడో పాదంలోనే రావాలి:

వారి వలననె నమ్ము విశ్వమ్ము, వేఱ

ఇప్పుడు 20వ వచనం కూడా కలిసింది. "వేఱె" అనకండి, మరో లోకం అనుకుంటారు.

చంద్రగిరి సభ్యుడు:
తోటలో మోఁకరిల్లుచు దుఃఖమంది,
చెమట నెత్తురై కారఁగ, శిష్యు లొఱగ,
తనదు వారల కొఱకె ప్రార్థన యొనర్చు;
లోకమునకయి వేఁడఁడు లోకవిభుఁడు.

మదనపల్లె సభ్యుడు:
నడక మాత్రం నీళ్లలా సాగింది తమ్ముడూ. కానీ రెండు ప్రార్థనలు కలిసిపోయాయి. మోకరించడం, చెమట రక్తబిందువుల్లా పడటం, శిష్యులు నిద్రపోవడం లూకా 22లోవి. అక్కడ ఆయన అడిగింది తన గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని; "తనదు వారల కొఱకె" అంటే ఆ తోటకు అతకదు. యోహాను 17లో ఆయన ఆకాశంవైపు కన్నులెత్తాడు. కెద్రోను వాగు దాటి తోటలోకి వెళ్లింది 18:1లో, అంటే ఈ ప్రార్థన ముగిశాకే. మన స్వర్ణముఖిలాగే అదీ వానలుంటేనే పారే వాగు, కాబట్టి "వాఁగు" అనే వేయొచ్చు:

కన్నులెత్తి యాకసమును గాంచి ప్రభువు
వాఁగు దాఁటుటకును ముందె వారి నెంచి

మూడో పాదం అలాగే ఉంచు.

పుత్తూరు సభ్యురాలు:
దుష్టునుండి కావుమటంచుఁ దోడు గోరు
జగతి నుంచియె తన పని జరుగుటకయి;
పిలుచుకొమ్మని వారల వెంటనె పర
లోకమునకయి వేఁడఁడు లోకవిభుఁడు.

నిర్వాహకుడు:
అమ్మా, ఇదీ విరుపంటే! మూడో పాదం చివర "పర" పెట్టేసరికి ఇచ్చిన పాదంలో అక్షరం కదలకుండా అర్థం 9 నుంచి 15వ వచనానికి దూకింది: లోకంలోనుంచి తీసికొనిపొమ్మని అడగడం లేదు, దుష్టునినుంచి కాపాడమంటున్నాడు. "వెంటనె" యతి కోసం పడిందనుకునేరు. అది లేకపోతే పద్యం 24వ వచనానికి ఎదురు తిరుగుతుంది. తానున్న చోట వాళ్లూ ఉండాలని అక్కడ కోరాడు కదా. "పరలోకమునకు పిలుచుకొను" అనాల్సిన చోట "కయి" కాస్త సాగదీసినట్టుంది, కానీ అది నేనిచ్చిన పాదంలోదే, మీ తప్పు కాదు.

చిత్తూరు సభ్యుడు:
అయ్యా, మాకీ సమస్యే సమ్మతం కాదు. సిలువ మీద "వీరిని క్షమించుము" అన్నది (లూకా 23:34) ఎవరి కోసం? "వేఁడఁడే లోకవిభుఁడు?" అని ప్రశ్నగా మారిస్తే చాలదా? గణం కూడా చెడదు.

నిర్వాహకుడు:
చెడదు, నిజమే, "వేఁడఁడే" రగణం, అదీ ఇంద్రగణమే. అయినా ఇచ్చిన పాదం మారిస్తే అది పూరణ కాదు. అవధానంలో పృచ్ఛకుడు (సమస్య ఇచ్చేవాడు) ఒప్పుకోడు, ఇక్కడా అంతే. మీ అభ్యంతరాన్నే పై మూడు పాదాల్లోకి ఎక్కించండి.

చిత్తూరు సభ్యుడు:
సిలువ నెక్కిన పిమ్మటఁ జేయు మనవి
హంతకులకయి, యీ రాత్రి యనుఁగువారి
కొఱకె కన్నులు పైకెత్తి కోరు వరము;
లోకమునకయి వేఁడఁడు లోకవిభుఁడు.

మదనపల్లె సభ్యుడు:
ఇక్కడా రెండు సువార్తలు కలిశాయి, కానీ "పిమ్మట", "ఈ రాత్రి" అని కాలం విడదీశారు కాబట్టి దోషం లేదు. హ–య యతి సరిపోయింది.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను. చదివేటప్పుడు మాత్రం రెండో పాదం చివర ఆగకండి. "అనుఁగువారి కొఱకె" ఒకే ఊపిరిలో పోవాలి.