అప్‌డేట్: పోర్చుగీసు క్రియ ‘ఫికార్’ గురించిన నా సందేహం తీరింది

ఇంగ్లీషు ద్వారా పోర్చుగీసు నేర్చుకునేవారికి ‘ఉండిపోవడం’ అని పరిచయమయ్యే ‘ఫికార్’ క్రియ, బ్యాంకు ఎక్కడుందని అడిగే ‘ఓంద్ ఫీక ఊ బాంకు?’ అన్న వాక్యంలో ఎందుకు వస్తుందని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఇంగ్లీషు అర్థాన్ని పక్కనపెట్టి, ఈ క్రియ తరువాత ఏమి వస్తోందో చూడమన్న సలహాతోనే చిక్కు వీడింది. లిస్బన్‌కు చెందిన మా ఉపాధ్యాయురాలు కూడా దానినే సమర్థించారు. కదలని చోటును చెప్పేటప్పుడు ఇది ‘ఉంది’ అవుతుంది కనుక బ్యాంకుకూ ఊరికీ సరిపోతుంది, కానీ ప్రస్తుతం బల్లమీదున్న తాళంచెవికి ‘ఎశ్తార్’ (తాత్కాలికంగా ‘ఉండడం’ అనే మరో క్రియ) వాడాలి. విశేషణం వస్తే స్థితి మారినట్లు: ‘ఫికెయ్ త్రీశ్త్’ అంటే నాకు బాధ కలిగిందని. దుకాణంలో రెండు చొక్కాలు చూసి, ఒకటి చేతిలోకి తీసుకుని ‘ఫీకు కోం ఎశ్త్’ (‘కోం’ అంటే ‘తో’) అంటే ‘ఇది తీసుకుంటాను’ అని అర్థం. ఇదే ‘కోం’ను బ్రెజిల్‌లో మనిషికి జోడిస్తే తాత్కాలిక ప్రేమ వ్యవహారమని అనుకునే అవకాశముంది కాబట్టి జాగ్రత్త అవసరం. అన్నిటికన్నా విలువైనదిగా నాకు తోచినది ‘ఫికోవ్ ద్ లిగార్’: ఫోను చేస్తానని ఒప్పుకున్నారని మాత్రమే ఇది చెబుతుంది, చేశారో లేదో చెప్పదు.

చోటును చెప్పే వాడుక పోర్చుగల్‌లోనూ బ్రెజిల్‌లోనూ ఒక్కటే.