థ్రెషోల్డ్‌లో సన్న గీతలు తెగుతున్నాయి, పెంచితే హ్యాచింగ్ పూడుకుపోతోంది

పుస్తకం లోపలి పేజీల కోసం పాళీతో, నల్ల ఇండియన్ ఇంకుతో వేసిన బొమ్మలివి. కాగితం నున్నటి బ్రిస్టల్ (బొమ్మలు వేసే మందపాటి కాగితం). బొమ్మ ఎ4 సైజు, అచ్చులో సగానికి తగ్గుతుంది. మామూలు గీత మందం 0.2 మి.మీ., నీడల కోసం పక్కపక్కనే వేసిన గీతల్లో (హ్యాచింగ్) గీతకూ గీతకూ మధ్య ఖాళీ దాదాపు 0.4 మి.మీ.

600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) గ్రేస్కేల్‌లో, అంటే బూడిద ఛాయలతో, స్కాన్ చేసి ఫోటోషాప్‌లో థ్రెషోల్డ్ ఇస్తున్నాను; ఇచ్చిన అంకె కన్నా ముదురుగా ఉన్నవాటిని అది నలుపుగా, మిగతావాటిని తెలుపుగా మారుస్తుంది. 128 దగ్గర జుట్టు కొసలు, కనురెప్పల గీతలు చుక్కలు చుక్కలుగా తెగిపోతున్నాయి. 170కి పెంచితే అవి నిలుస్తాయి గానీ, మెడ కింద మూడు వరసల క్రాస్ హ్యాచింగ్ (ఒకదాన్నొకటి కోసుకునే నీడ గీతలు) నల్లటి ముద్దయిపోతోంది.

ముందుగా లెవెల్స్‌తో కాంట్రాస్ట్ పెంచి చూశాను, తేడా లేదు. 1200 డీపీఐలో గీత అంచులు నున్నగా వచ్చాయి, తెగడం మాత్రం తగ్గలేదు. వేగంగా లాగిన కొసల్లో సిరా పలచబడి బూడిద రంగులో ఆరింది, భూతద్దంలో చూస్తే తెలిసిపోతోంది. అసలు చిక్కు అదేనని నా అనుమానం. ప్రెస్ వాళ్లకేమో 1-బిట్ టిఫ్ (బూడిద ఛాయలు లేకుండా నలుపు, తెలుపు మాత్రమే ఉండే ఫైల్) మాత్రమే కావాలి. అదీ సబబే, గ్రేస్కేల్ పంపితే బూడిద ఛాయల కోసం అచ్చులో వేసే సన్నటి స్క్రీన్ చుక్కలు పడి గీత అంచు చెడుతుంది.

ఒరిజినల్ మీద మళ్లీ పాళీ పెట్టకుండా, ఒకే 1-బిట్ ఫైల్‌లో కొసలూ నిలిచి నీడలూ తేటగా ఉండాలంటే థ్రెషోల్డ్ ఎలా ఇవ్వాలి?