వార్డు నర్సులను ఐసీయూ డ్యూటీకి ముందుగానే ఎలా సిద్ధం చేయాలి?

అందరికీ నమస్కారం. నేనొక ఆసుపత్రిలో హెచ్‌ఆర్ చూస్తాను. మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే ఎవరిని ఎక్కడ వేయాలో, ఎవరికి ఏం నేర్పాలో ప్లాన్ రాసే పని నా నెత్తిన పడింది. వెంటిలేటర్లు డబ్బు పెడితే వస్తాయి, వాటిని చూసుకునే మనుషులు రాత్రికి రాత్రి తయారుకారు కదా, 2020లో అందరం చూసిందే.

అనుభవమున్న ఒక ఐసీయూ నర్సు కింద ఇద్దరు ముగ్గురు వార్డు నర్సులను పెట్టి, మందులివ్వడం, పేషెంట్‌ను బోర్లా తిప్పడం లాంటివి వాళ్లకు వదిలి, వెంటిలేటర్ మాత్రం సీనియర్ చూసేలా అనుకుంటున్నాను. కానీ ఆవిడే నేర్పాలి, ఆవిడే పేషెంట్లను చూడాలి అంటే ముందు కూలబడేది ఆవిడే. ఇలా నడిపినవాళ్లు ఉంటే, మామూలు రోజుల్లో ఎన్నాళ్లకోసారి వార్డు నర్సులకు ఐసీయూ డ్యూటీ వేశారు? నేర్చుకున్నది మరిచిపోకుండా ఏం చేశారు?

పీపీఈ కిట్ సంగతి కూడా చెప్పండి. వేసుకునేటప్పటికన్నా విప్పేటప్పుడే వైరస్ ఒంటికి అంటుకునే ప్రమాదం ఎక్కువ, ముఖ్యంగా షిఫ్ట్ చివర అలసటలో. వీడియో చూపించి సంతకం తీసుకుంటే సరిపోదని నా గట్టి నమ్మకం. పక్కన ఒకరు నిలబడి ఒక్కో స్టెప్ చూడాలంటే ఆ మనిషిని రోస్టర్‌లో ఎలా సర్దారు?

ఇంకొకటి. బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) జబ్బు కాదు, పని వల్ల వచ్చే పరిస్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో చెప్పింది. మావాళ్లేమో ధ్యానం క్లాసు పెడదామంటున్నారు, సిబ్బంది అడిగేది మాత్రం ఖాయమైన వీక్లీ ఆఫ్! రద్దీలో కూడా సెలవులు రద్దు చేయకుండా నెట్టుకొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే షిఫ్టులు ఎలా వేశారో కాస్త వివరంగా రాయండి ప్లీజ్.