నాలుగేళ్ల పిల్లకి ఆట, పాట, నిద్ర... దీనికా ఫీజు కట్టేది?

గాజువాక నాన్న:
మా పాపకి నాలుగేళ్లు నిండాయి. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. వెళ్లగానే ఇసుకలో ఆట, తర్వాత పాట, అన్నం, పన్నెండున్నర నుంచి రెండింటి దాకా నిద్ర. ఇప్పటిదాకా పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. పక్కింటి బాబుదీ అదే వయసే. ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తున్నాడు. స్కూలు మార్చేద్దామా?

కంచరపాలెం టీచరు:
మార్చకండి నాన్నగారూ. చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. ఈ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. పేజీలు నింపమని పెన్సిల్ ఇస్తే పిడికిలితో పట్టుకుంటారు, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. మా దగ్గర చింతపిక్కలు, బొబ్బర్లు కలిపి పళ్లెంలో పోసి పక్కనే కూర్చుంటాం. పిల్ల బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి ఒక్కో పిక్కా ఏరి, సన్నమూతి సీసాలో వేస్తుంది. రేపు పెన్సిల్ పట్టేది ఆ మూడు వేళ్లే. ఏ సీసాలో ఎక్కువున్నాయో, ఎందులో తక్కువున్నాయో చెప్తుంది. లెక్కలు అక్కడే మొదలవుతాయి.

రోజూ అదే వరుస ఎందుకంటే, పిల్లకి గడియారం చూడటం రాదు. పాట అయ్యాక చేతులు కడుక్కోవడం, తర్వాత అన్నం, నిద్ర లేచాక కథ, కథ అయ్యాక అమ్మ వస్తుంది అని తెలిస్తే ఏడుపు తగ్గుతుంది. చెప్పులు వరుసలో విడవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం కూడా అలాగే వస్తాయి.

సీతమ్మధార 09:
మేం మార్చాం. ఇప్పుడు హోంవర్కు దగ్గర రోజూ ఏడుపే.

గాజువాక నాన్న:
పిక్కల సంగతి సరే. నిద్ర సంగతి చెప్పండి మేడమ్. రోజుకి గంటన్నర. నెలకి ఎంత ఫీజు నిద్రకే పోతోందో లెక్కేయండి. అక్కడ పడుకుని వస్తోంది కాబట్టి రాత్రి పదకొండైనా కన్ను మూయదు. నాకేమో పొద్దున ఆరింటికి షిఫ్టు.

కంచరపాలెం టీచరు:
3, 4 ఏళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పదకొండింటికి పడుకుని ఏడింటికి లేస్తే ఎనిమిది గంటలే. పగటి నిద్రా తీసేస్తే మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? కాస్త ముందే లేపమని అడగండి, మాన్పించమని అడగకండి.

మర్రిపాలెం అమ్మమ్మ:
రాత్రి ఫోను చేతికివ్వకండి బాబూ, అదే పడుకుంటుంది.

గాజువాక నాన్న:
ఫోను ఇస్తున్నానని ఎవరన్నారమ్మా? నేనడిగింది నిద్ర గురించి.

మధురవాడ ఐటీ:
ఇదంతా ఫారిన్ ఫ్యాషన్. పలకా బలపంతో చదువుకున్న మనం పైకి రాలేదా?

కంచరపాలెం టీచరు:
ఫారిన్ ఏంటండీ? 1920లోనే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా బాలమందిరం అని చిన్నపిల్లల బడి పెట్టి కథలతో, ఆటలతో చదువు చెప్పారు. చిన్నపిల్లలకి వస్తువులతో, చేతిపనులతో నేర్పే పద్ధతి తెచ్చిన ఇటలీ డాక్టరు మాంటిస్సోరి కూడా 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకే ట్రైనింగ్ ఇచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టింది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక కూడా ఆటతోనే చెప్పమంటోంది, వీలైనంతవరకు ఇంటి భాషలోనే.

గాజువాక నాన్న:
ఇంటి భాష! ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. మా పెద్దవాడు ఇలాంటి ఆటల బడిలోనే చదివాడు. ఒకటో తరగతికి సిటీలో ఓ పెద్ద స్కూలుకి తీసుకెళ్లాం. లోపలికి పిలిచి పేరు ఇంగ్లీషులో రాయమన్నారు, నాన్న ఏం చేస్తాడో ఇంగ్లీషులో చెప్పమన్నారు. వాడు నా చొక్కా పట్టుకుని నా మొహం చూశాడు. సీటు లేదన్నారు. మీ ఇళ్లల్లో ఇంగ్లీషు ఉంటుంది, ఎప్పుడు మొదలెట్టినా మీ పిల్లలు అందుకుంటారు. నేను పదో తరగతి, మా ఆవిడ ఏడు. స్కూలు నేర్పకపోతే మా పిల్లకి ఎవరు నేర్పుతారు?

కంచరపాలెం టీచరు:
అలా పరీక్ష పెట్టి సీటివ్వడం 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. మొదటిసారికే 25,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మీరు ఫిర్యాదు చేయాల్సింది.

గాజువాక నాన్న:
సెక్షన్ చెప్తే ఆ గేటు తీస్తారా మేడమ్? ఫిర్యాదు చేసినవాడి పిల్లని తర్వాత ఏ స్కూలు తీసుకుంటుంది?

అక్కయ్యపాలెం అంగన్‌వాడీ:
ఆటలతో చెప్పమని మాకూ చెప్తారు. మాకున్నది ఒక్కటే గది. వంట అక్కడే, పిల్లల బరువు తూచేదీ అక్కడే, యాప్‌లో ఫోటోలు ఎక్కించేదీ అక్కడే. ఇసుక ఎక్కడ పోయమంటారు? దాని గురించి కూడా ఎవరైనా మాట్లాడండి.

కంచరపాలెం టీచరు:
నాన్నగారూ, నిద్ర అంటూ ఇంతసేపు వాదించారు గానీ మీ బాధంతా ఆ గేటు దగ్గరుంది. అది విన్నాక నాకూ కోపం వచ్చింది. కానీ మా ఇంట్లో ఇంగ్లీషు ఉందని ఎలా అనుకున్నారు? మా నాన్న హార్బర్లో కళాసీ. ఇంగ్లీషు మాట రావాలంటే ముందు చెవిన పడాలి. పాట, కథ, రోజూ నాలుగు మాటలు. పక్కింటి బాబుకి ఒక బొమ్మ చూపించి, అందులో ఎవరేం చేస్తున్నారో ఇంగ్లీషులో చెప్పమనండి. ఇరవయ్యారు అక్షరాలు రాసినంత మాత్రాన చెప్పలేడు. మీ బడిలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రోజూ కథ చెప్తున్నారో లేదో కనుక్కోండి. చెప్పకపోతే అప్పుడు మార్చండి, నేనే మార్చమంటాను.

గాజువాక నాన్న:
శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, అడుగుతాను. నిద్ర గంటకి మించొద్దని కూడా చెప్తాను. కానీ రెండేళ్ల తర్వాత ఆ గేటు ముందు నిలబడేది నేనూ నా కూతురూ, మీరెవరూ కాదు. అందుకే అక్షరాలు ఇంట్లో నేనే మొదలెడతాను.

కంచరపాలెం టీచరు:
మొదలెట్టండి. పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి. పెన్సిల్ మాత్రం ఇంకో ఆరు నెలలు ఆపండి.

గాజువాక నాన్న:
మూడు నెలలు ఆపుతాను. అంతకంటే నావల్ల కాదు.