డిజైనర్ సామాన్ల షాపులో పెట్టే డబ్బు పనితనానికా, పేరుకా?

ఖాళీకాగు:
పెళ్లయిన పదకొండేళ్లకి మొదటిసారి ఒక ఖరీదైన డిజైనర్ సామాన్ల షాపులోకి వెళ్లాం. స్టవ్ మీద పెట్టుకునే కెటిల్ ఒకటి కొన్నాం. మామూలు షాపులో అలాంటివి ఆరేడు వచ్చే డబ్బు అయింది. చూస్తే కళ్లు తిప్పుకోలేం, అది నిజం. కానీ నీళ్లు మరిగాక మూత మీది బొడిపె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మూత ఏ లోహమో బొడిపె కూడా అదే. రోజూ గుడ్డ పెట్టి తీస్తున్నాను. షాపుకెళ్లి చెబితే "అది డిజైన్‌లో భాగం మేడం" అన్నారు. మా ఆయనేమో "అందానికి ఇచ్చాం, అందం వచ్చిందిగా" అంటున్నారు. నిన్నటి నుంచి ఇంట్లో ఇదే గొడవ. మీరే చెప్పండి, మనం ఇచ్చేది పనితనానికా, పేరుకా? కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను.

లెక్కలపుస్తకం:
పేరుకే. ఇందులో చర్చించడానికి ఏముంది? ఇటలీ సామాన్ల కంపెనీ అలెస్సీ కోసం డిజైనర్ ఫిలిప్ స్టార్క్ చేసిన రసం పిండే వస్తువు జూసీ సాలిఫ్ చూడండి, 1990లో వచ్చింది. మూడు పొడుగాటి కాళ్ల మీద నిలబడ్డ పోత అల్యూమినియం సాలీడు. గింజలు ఆపే జల్లెడ లేదు, రసం పట్టే గిన్నె లేదు, కింద గ్లాసు మనమే పెట్టుకోవాలి. పదేళ్లకి బంగారు పూతతో మళ్లీ తెచ్చారు. పులుపు తగిలితే పూత పాడవుతుంది కాబట్టి దాంతో నిమ్మకాయ పిండొద్దన్నారు. నిమ్మకాయ పిండకూడని నిమ్మకాయ పిండేది! ఇంకేం చెప్పమంటారు?

గాజుకన్ను:
డిజైన్ మాట వస్తే చాలు, ఆ సాలీడునే లాక్కొస్తారు. అది శిల్పం అనుకుని కొనేవాళ్లు కొంటారు, వదిలేయండి. ఫిన్లాండ్ డిజైనర్ ఆల్వార్ ఆల్టో చేసిన గాజు ఫ్లవర్‌వాజ్ సంగతేంటి? 1936 నాటిది. అక్కడి ఇట్టాలా కంపెనీలో ఇప్పటికీ నోటితో ఊదే చేస్తున్నారు. అదే కంపెనీ అమ్మే టీమా పళ్లేలు కై ఫ్రాంక్ అనే డిజైనర్ 1953లో చేసిన కిల్టా పళ్లేల నుంచి వచ్చినవి. పళ్లేలు పూర్తి సెట్టుగానే కొనాలన్న పద్ధతిని ఆయన పక్కన పెట్టాడు. ఒక్కొక్కటీ విడిగా కొనుక్కోవచ్చు, ఒకదానిలో ఒకటి పేర్చుకోవచ్చు. ఇన్నేళ్లు నిలబడింది పేరు చూసి కాదండీ.

లెక్కలపుస్తకం:
ఫ్రాంక్‌ని తెచ్చి నాకే సాయం చేశారు. ఆయన కిల్టా చేసింది మామూలు ఇళ్ల కోసం, చిన్న వంటిళ్ల కోసం. దాన్ని లైటు కింద పెట్టి ఖరీదైన వస్తువుగా మార్చింది షాపులు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 1938లో పెట్టిన ఒక ప్రదర్శన పేరే "5 డాలర్లలోపు ఉపయోగపడే ఇంటి వస్తువులు". మంచి డిజైన్ అంటే ఖరీదు అన్న మాట అప్పట్లో వాళ్లే ఒప్పుకోలేదు.

గరిటెజారుడు:
కూరగాయల తొక్క తీసే రెక్స్ పీలర్ మాట ఎవరూ ఎత్తరేం? 1947లో స్విట్జర్లాండ్‌లో నెవెచెర్జాల్ అనే ఆయన చేశాడు. వంచిన అల్యూమినియం పట్టీ, దానికి ఒక బ్లేడు, అంతే. 2004లో ఆ దేశం తపాలా బిళ్ల మీద వేసుకుంది. దాన్ని మించిన డిజైనర్ వస్తువు నా వంటింట్లో లేదు. ధర అడిగితే మీరు నవ్వుతారు.

ఇంకోటి. పిట్ట ఈల వేసే అలెస్సీ కెటిల్ 1985లో చేసిన మైకేల్ గ్రేవ్స్, 1999లో అమెరికాలో టార్గెట్ అనే సామాన్య షాపుల కోసం కూడా కెటిల్ చేశాడు. మనిషి ఒక్కడే, బుర్ర ఒక్కటే. మరి రెండింటి ధరల్లో తేడా దేనికి?

గాజుకన్ను:
లోహానికి, పనితనానికి, తయారయ్యే చోటుకి. బుర్ర ఒక్కటే అని మీరే అన్నారు కదా, అంటే ఆ తేడా పేరుకి కాదని మీరే ఒప్పుకున్నట్టు.

గరిటెజారుడు:
ఇది లాయరు మాట.

కౌంటరువెనక:
ఇలాంటి షాపులో ఆరేళ్లు పనిచేసి మానేశాను కాబట్టి లోపలి సంగతులు కొన్ని చెబుతాను.

ధర చీటీ అడుగున అంటించమని మాకు చెప్పేవారు. ధర చూడాలంటే వస్తువు చేతిలోకి తీసుకోవాలి. తీసుకున్నారంటే సగం అమ్ముడైనట్టే. అర మీద ఒక్క వస్తువే పెట్టి చుట్టూ ఖాళీ వదిలేవాళ్లం, పైనుంచి ఒక లైటు. మీ ఇంట్లో అదే వస్తువు పాత డబ్బాల మధ్య కూర్చుంటుంది, అప్పుడు ఆ అందం ఏదీ అని వెతుక్కుంటారు. మీరు కొన్నదాంట్లో కొంత ఆ ఖాళీ జాగా కూడా ఉంది. దాని అద్దె మీరే కట్టారు.

అసలు సంగతి ఇది కాదు. మా దగ్గర కొనేవాళ్లలో చాలామంది బహుమతికి కొనేవాళ్లే. కొన్నవాళ్లు వాడరు. పుచ్చుకున్నవాళ్లు బాగాలేదని అనలేరు. పిడి కాలుతోందని, కొమ్ము కారుతోందని కంపెనీకి చేరవేసే మనిషి మధ్యలో ఒక్కరూ ఉండరు. సొంతానికి కొని రోజూ వాడి, తిరిగొచ్చి గొడవపడ్డ ఖాళీకాగు గారి లాంటివాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. వాళ్లంటే మా మేనేజరుకి టెన్షన్, నాకు మాత్రం ఇష్టం.

పేరుకా పనితనానికా అంటే వస్తువుని బట్టి. పోత ఇనుము మీద ఎనామెల్ వేసిన గిన్నె తీసుకోండి. కరిగిన ఇనుము ఇసుక అచ్చులో పోస్తారు, గిన్నె బయటికి తీయాలంటే ఆ అచ్చు పగలగొట్టాల్సిందే, ప్రతి గిన్నెకీ కొత్త అచ్చు. తర్వాత గరుకు తీయాలి, ఎనామెల్ పూసి కాల్చాలి. అక్కడ మీ డబ్బు చెమటకే పోతుంది. అదే ప్రెస్సు కింద నొక్కిన స్టీలు ట్రే అయితే, ఎవరు గీసినా నొక్కేది ప్రెస్సే. అక్కడ నాకూ అనుమానమే.

స్టీలు మీద 18/10 అని ఉంటే 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ అని అర్థం, అంతకు మించి మాయ లేదు. ఆ స్టీలుని అయస్కాంతం గట్టిగా పట్టదు. అడుగున వేరే పొర వేయకపోతే ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి, సేల్స్ వాళ్లు ఏమనుకున్నా సరే.

లెక్కలపుస్తకం:
మరి కొనేముందు ఏం చూడాలి? అయస్కాంతం సరే.

కౌంటరువెనక:
ఖాళీ కెటిల్‌నే పూర్తిగా వంచి చూడండి, మూత ఊడి పడుతుందేమో తెలుస్తుంది. చెయ్యి తడి చేసుకుని పిడి పట్టుకోండి. చేతులు నొప్పులున్న మనిషిని వెంట తీసుకెళ్తే మరీ మంచిది. ఆక్సో గుడ్ గ్రిప్స్ అనే వంటింటి పనిముట్లు పుట్టింది అలాగే. కీళ్ల నొప్పులతో భార్య పీలర్ పట్టుకోలేకపోతుంటే శామ్ ఫార్బర్ లావుపాటి రబ్బరు పిడి గురించి ఆలోచించాడు, 1990లో అమ్మకానికి వచ్చాయి.

చివరిగా, ఏ భాగం విడిగా దొరుకుతుందో అడగండి. నేనైతే మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి అడుగుతాను. ఎరిక్ మాగ్నుసెన్ అనే డిజైనర్ 1977లో డెన్మార్క్ కంపెనీ స్టెల్టన్‌కి చేసిన ఫ్లాస్కు ఉంది చూడండి, లోపలి గాజు పగిలితే గాజు ఒక్కటే కొనుక్కోవచ్చు. అలా అమ్మేవాడు ఆ వస్తువు మీ ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంటుందని లెక్కేసుకున్నాడన్నమాట. విడి భాగం అడగ్గానే సేల్స్ మనిషి మొహం ఖాళీగా పెడితే, నేనైతే బయటికొచ్చేస్తా. నేనూ అలా మొహం పెట్టినవాణ్ణే, అందుకే చెబుతున్నా.

గాజుకన్ను:
దీనికి అడ్డు చెప్పను. కానీ రోజూ కంటికి హాయిగా కనబడటం కూడా ఆ వస్తువు చేసే పనే. దాన్ని పనితనంలో కలపరేం?

లెక్కలపుస్తకం:
కలుపుతాను. చెయ్యి కాలకుండా ఉంటే.

కౌంటరువెనక:
ఖాళీకాగు గారూ, ఒక చిన్న మాట. మూత తిరగేసి లోపలివైపు చూశారా? ఒకే లోహంలా కనబడినా చాలావాటికి మధ్యలో స్క్రూ ఉంటుంది.

ఖాళీకాగు:
ఉంది! అడుగున చిన్న మూత పెట్టి దాచారు. రెండు నెలలుగా గుడ్డ చుట్టి తీస్తున్నాను, ఇది మాత్రం చూసుకోలేదు. బొడిపె విప్పేసి, పాత గిన్నె మూతది చెక్క బొడిపె ఉంటే బిగించాను. చక్కగా పట్టింది. ఇందాకే నీళ్లు మరిగించి ఒట్టి చేత్తో తీశాను. మా ఆయన మాత్రం కెటిల్ వైపు చూడటం మానేశారు.

లెక్కలపుస్తకం:
ఆ చెక్క బొడిపె ధరెంత?

ఖాళీకాగు:
గిన్నెకి చిల్లు పడితే పారేశాం, మూత మిగిలింది. ఊరికే వచ్చినట్టే.

గాజుకన్ను:
దయచేసి ఫోటో మాత్రం పెట్టకండి.